నీళ్ళా, మట్టా, గింజలా, కిట్టా? గోదావరి డెల్టా పిల్లలకి సైన్సు ఆటల్లో ఏది ఎంచుకోవాలి

మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి సైన్సు ఆటతోనే మొదలవ్వాలన్న మాట మీద ఇప్పుడెవరికీ పేచీ లేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ వయసునంతా ఒకే పునాది దశగా లెక్కవేసి, ఆటల ద్వారానే నేర్పమంది. చిక్కల్లా ఏ ఆట అన్న దగ్గరే. డెల్టాలో ఉన్నవాళ్ళకి ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. నీళ్ళు, ఒండ్రుమట్టి, వడ్లు, కొబ్బరి, అరటి, తాటి అన్నీ చేతికందే దూరంలోనే ఉంటాయి. ఫోను తెరిస్తే సైన్సు కిట్ల ప్రకటనలు వేరే. అన్నీ ఒకేసారి మొదలెడితే ఏదీ నాలుగు రోజులు నిలవదు. మీ ఇంటికో, మీ బడికో, మీ అంగన్‌వాడీకో సరిపడేవి ఒకటి రెండు తేల్చుకోవడానికే ఈ పోలిక.

## ముందు తూచాల్సినవి

అన్నిటికంటే ముందు చూడాల్సింది: ఆ ఆటలో పిల్ల ఏదో ఒక్క సంగతి మార్చి, మళ్ళీ తన చేత్తోనే చేసి చూడగలదా? వంటసోడాలో వెనిగర్ పోసి నురగ పొంగించే ‘అగ్నిపర్వతం’ ఉందే, దానికి పిల్లలు కేరింతలు కొడతారు. కానీ రెండోసారి ఏం మార్చాలో వాళ్ళకి తోచదు. తోచినా వెనిగర్ సీసా పెద్దవాళ్ళ చేతిలో ఉంటుంది. అదే బేసిన్‌లో కొబ్బరి చిప్ప వదిలి అందులో గులకరాళ్ళు ఒక్కొక్కటే వేస్తున్నారనుకోండి. ఎన్నో రాయికి మునిగిందో లెక్కపెట్టుకున్నాక, “ఈసారి అన్నీ ఒక పక్కనే వేస్తే?” అని పిల్లే అడుగుతుంది. ఆ రెండో ప్రశ్న పుట్టే ఆటే మంచి ఆట. ఈ కింద మేం వేసిన మార్కులన్నీ ముఖ్యంగా దీన్ని బట్టే.

తర్వాత, ఫలితం ఎంతసేపట్లో కనిపిస్తుంది. మూడు నాలుగేళ్ళ పిల్లలకి అది నిమిషాల్లో తేలాలి. ఐదారేళ్ళవాళ్ళు రేపటిదాకా ఆగగలరు. ఏడెనిమిదేళ్ళ పిల్లలు గోడమీద చార్టులో గీతలు గీసుకుంటూ వారం పదిరోజులు ఒకే ఆటను పట్టుకుంటారు. నాలుగేళ్ళ పిల్లకి విత్తనం నాటించి “పది రోజులాగు” అంటే, మర్నాడే మట్టి తవ్వి చూస్తుంది. తప్పు పిల్లది కాదు, ఎంపికది.

ఇక ప్రమాదం సంగతి. రెండంగుళాల నీళ్ళలో కూడా చిన్నపిల్ల మునిగి చనిపోవచ్చు. కాబట్టి నీళ్ళ ఆట జరిగినంతసేపూ పెద్దవాళ్ళ చెయ్యి అందేంత దగ్గర్లో ఉండాలి, ఆట అవగానే బేసిన్ బోర్లించాలి. కాలవ గట్టు, చెరువు, చేపల చెరువు ఆటస్థలాలు కావు. అక్కణ్ణుంచి మట్టి, ఆకు తేవాలంటే పెద్దవాళ్ళే తేవాలి. మూడేళ్ళ లోపు పిల్లలుండే ఇంట్లో గింజలు, పూసలు, గులకరాళ్ళు నేలమీద వదలకూడదు. పెసర, శనగ గింజ ముక్కులోకి పోతే తడికి ఉబ్బి మరీ బిగుసుకుంటుంది. వేలితో, పిన్నుతో కెలక్కుండా నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఒక పెద్దమనిషికి ఎంతమంది పిల్లలు, ఏ కాలంలో ఏం దొరుకుతుంది, ఆట అయ్యాక ఎవరు తుడుస్తారు. ఇవీ చిన్న లెక్కలేం కావు. చాలా చోట్ల ఆటలు మూలపడేది ఆఖరిదాని వల్లే.

| ఆట | తగిన వయసు | ఫలితం కనిపించేది | ఒకరు చూసుకోగల పిల్లలు | మార్చి మళ్ళీ చేసే వీలు | ముఖ్యమైన జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| నీళ్ళ బేసిన్ | 3 నుంచి | వెంటనే | 4–5 | చాలా ఎక్కువ | పక్కనే ఉండాలి |
| మట్టి సీసా, ఇసుక ట్రే | 4 నుంచి | 10 నిమిషాల నుంచి 2 రోజులు | 5–6 | చాలా ఎక్కువ | చేతులు కడిగించాలి |
| మొలకలు | 5 నుంచి | 1–7 రోజులు | 15–20 | ఎక్కువ | మందు పట్టించిన విత్తనం వద్దు |
| పసుపు, పూల రంగులు | 5 నుంచి | వెంటనే | 6–8 | మధ్యస్తం | సున్నం, కళ్ళు |
| ముంజెకాయల బండి, కొబ్బరాకు బొమ్మలు | 5 నుంచి | అరగంట | 5–6 | ఎక్కువ | కత్తి పెద్దవాళ్ళదే |
| సీతాకోకచిలుక పెంపకం | 6 నుంచి | 3–5 వారాలు | ఎంతమందైనా | తక్కువ | రోజూ తాజా ఆకు |
| కొన్న కిట్టు | 7 నుంచి | కిట్టును బట్టి | 1–2 | తక్కువ | బటన్ సెల్ (బిళ్ళ బ్యాటరీ), చిన్న అయస్కాంతాలు |

## నీళ్ళ బేసిన్

దీనికి మించిన మొదటి ఆట లేదని మా అభిప్రాయం. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న బేసిన్ తీసుకుని నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోయండి. వస్తువులు ఎనిమిదికి మించొద్దు. ఎక్కువైతే పిల్లలు అన్నిటినీ ఒకేసారి కుమ్మరిస్తారు, దేనికేమైందో ఎవరూ చూడరు. కొబ్బరి చిప్ప, పీచు గీకేసిన చిప్ప పెంకు ముక్క, అరటి దొప్ప ముక్క, ఇనుప మేకు, పెద్ద చెక్కముక్క, చింతపిక్క, చిన్న స్టీలు గిన్నె, ప్లాస్టిక్ మూత చాలు. మూడేళ్ళవాళ్ళకైతే మేకు, చింతపిక్క తీసేసి స్టీలు చెంచా, పిడికెడంత రాయి పెట్టండి.

ఈ జాబితా ఊరికే వేసింది కాదు. “బరువైనవి మునుగుతాయి” అనేది ప్రతి పిల్లా తనంతట తను కట్టుకునే సూత్రం. చేతికి బరువుగా తగిలే చెక్కముక్క తేలి, తేలికైన మేకు మునిగినప్పుడు ఆ సూత్రానికి బీట పడుతుంది. చిప్ప తేలుతుంది, అదే చిప్ప పెంకు ముక్క మునుగుతుంది. స్టీలు గిన్నె నిలబెడితే తేలుతుంది, ఒరిగిస్తే బుడుంగుమని అడుగుకి పోతుంది. అంటే వస్తువు ఒక్కటే, ఫలితాలు రెండు. ఐదేళ్ళ పిల్లకి ‘సాంద్రత’ అన్న మాట చెప్పి ఈ ఆశ్చర్యాన్ని అక్కడే ముగించెయ్యకండి. “లోపల గాలి ఉందిగా” అని పిల్లే అనేదాకా ఆగితే సగం పాఠం అయిపోయినట్టే. కార్తీకమాసంలో దీపాలు వదిలే అరటి దొప్పను అడ్డంగా కోసి చూపిస్తే ఆ గాలి గదులు కంటికే కనబడతాయి.

ప్రతి వస్తువుకీ ముందు మాట తీసుకోవాలి. “తేలుద్దా, మునుగుద్దా?” అని అడిగి, చెప్పాకే వెయ్యనివ్వాలి. సరిగ్గా చెప్పినవాణ్ణి మెచ్చుకోవద్దు. మెచ్చుకున్నారంటే పక్క పిల్లలు తమ ఊహ మానేసి వాడి మాటే అప్పజెప్తారు.

ఆరేళ్ళు దాటినవాళ్ళకి ఉప్పునీళ్ళ గుడ్డు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో మంచినీళ్ళు పోసి తాజా కోడిగుడ్డు వేస్తే మునుగుతుంది. చెంచా చొప్పున ఉప్పు వేసి, గుడ్డు తీసి, కలిపి, మళ్ళీ వెయ్యాలి. నాలుగైదు చెంచాలకి తేలుతుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటుంది. ఈ గ్లాసు లెక్కలో చెంచా పైన కాస్త. అంత ఉప్పులో తాజా గుడ్డు ఇంకా అడుగునే ఉంటుంది. అంతర్వేది పిల్లలు “సముద్రంలో వేస్తే తేలుతుంది” అని పందెం కాస్తే తప్పకుండా ఈ మెట్టు దగ్గర ఆపి చూపించండి. ఇందులో వచ్చే తేడా ఏమిటంటే, నిలవ గుడ్డు వాడితే మంచినీళ్ళలోనే పైకి లేస్తుంది. గుడ్డు పాతబడేకొద్దీ లోపలి గాలి అర పెద్దదవుతుంది మరి.

తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు కూడా మంచి ఆటవస్తువే. రెండు మూడు మీటర్ల పారదర్శక గొట్టంలో రంగు నీళ్ళు నింపి, రెండు కొసలూ ఇద్దరు పిల్లలకిచ్చి, ఒకణ్ణి కూర్చోమనండి, ఒకణ్ణి నిలబడమనండి. రెండు పక్కలా నీటిమట్టం ఒక్కటే. మధ్యలో గాలి బుడగ ఇరుక్కుంటే మట్టం తప్పు చూపిస్తుంది. గొట్టాన్ని వేలితో కొట్టి బుడగ పైకి పంపాలి.

ఇక లోపమల్లా, ఈ ఆట ఒక పెద్దమనిషిని పూర్తిగా కట్టిపడేస్తుంది. పొయ్యిమీద పప్పు పెట్టి చేయించే పని కాదు.

## మట్టి, ఇసుక

డెల్టాలో పుట్టిన పిల్లలకి ఇంతకంటే సొంతమైన ప్రయోగశాల దొరకదు. మూడు రకాల మట్టి సంపాదించండి: చేలో నల్లమట్టి, ఏటి ఇసుక, వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు తీసి గట్టున పోసే పూడిక. ఆ పూడికలో గాజుముక్కలు, బ్లేడ్లు రావచ్చు. పెద్దవాళ్ళు జల్లించాకే పిల్లలకివ్వాలి.

మొదటిది సీసా ఆట. లీటరు పారదర్శక సీసాలో మూడో వంతు మట్టి వేసి, మెడ కిందిదాకా నీళ్ళు పోసి, మూత బిగించి నిమిషంసేపు గట్టిగా ఊపాలి. కదలని చోట పెట్టాలి. ఇసుక మొదటి నిమిషంలోనే దిగిపోతుంది. సన్న ఒండ్రు ఒకటి రెండు గంటలు తీసుకుంటుంది. బంకమట్టి మర్నాటికీ, కొన్నిసార్లు ఆ మర్నాటికీ నీళ్ళలోనే వేలాడుతుంది. సీసా మీద స్కెచ్ పెన్నుతో పొరల గీతలు గీయించండి. మట్టిగడ్డలు కరగకపోతే పొరలు కలగాపులగంగా వస్తాయి. అందుకని మట్టిని ముందురోజు రాత్రే నానబెట్టాలి. ఇంకో తంటా, “ఎంతదాకా దిగిందో చూద్దాం” అని ప్రతివాడూ సీసా ఎత్తి చూస్తాడు, మట్టి మళ్ళీ లేస్తుంది. సీసాని కిటికీలో పెట్టి, చూపు మాత్రమే అని ముందే చెప్పాలి.

దీని కొనసాగింపే ఈ వ్యాసంలో మాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట. ఒకేలాంటి లీటరు సీసాలు రెండు, రెంటిలోనూ పిడికెడు నల్లమట్టి. ఒకదానిలో ఆరేడు చెంచాల ఉప్పు, అంటే దాదాపు సముద్రమంత. రెండూ ఒకేసారి ఊపి పక్కపక్కన పెట్టండి. ఉప్పు సీసాలో బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కట్టి త్వరగా దిగుతాయి, పైనీరు తేరుకుంటుంది. మంచినీళ్ళ సీసా మర్నాటికీ మురికిగానే ఉంటుంది. వరదల్లో ఎర్రగా వచ్చే గోదావరి నీరు సముద్రంలో కలిసే చోట ఒండ్రు దిగబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ప్రవాహం నెమ్మదించడం దానికంటే పెద్ద కారణం. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి రెండూ చెప్పండి. ఈ ఆట విఫలమయ్యే చోటొకటుంది. సముద్రానికి దగ్గరి శివారు ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి కాబట్టి రెండు సీసాలూ ఒకేలా తేరుకుంటాయి. అక్కడ వాన నీళ్ళో, క్యాన్ నీళ్ళో వాడాలి.

మురికి నీళ్ళని తేర్చే పటిక, చిల్లగింజ మీ ఇంట్లో ఉంటే మూడో సీసా, నాలుగో సీసా కూడా పెట్టొచ్చు. పటిక ముక్కని నాలుగైదు సార్లు తిప్పి తీసెయ్యడమే. చిల్లగింజని గరుకు రాతిమీద అరగదీసి ఆ గంధం కలపాలి. నాయనమ్మలకి ఈ పని చెప్పనక్కర్లేదు, వాళ్ళు కడవలో చేసినదే. తేరిన నీళ్ళు తాగడానికి మాత్రం కాదని పిల్లలకి స్పష్టంగా చెప్పాలి. కంటికి తేటగా ఉన్నంత మాత్రాన రోగక్రిములు పోయినట్టు కాదు.

రెండోది ఇసుక ట్రే. చేపలు, రొయ్యలు వచ్చే థర్మోకోల్ పెట్టె సబ్బుతో కడిగి ఎండబెడితే సరిపోతుంది. లేదా రెండడుగుల పొడవున్న ఏ ట్రే అయినా. మూడింట రెండు వంతులు తడి ఇసుక వాలుగా పరిచి, దిగువన ఖాళీ వదిలి రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోయండి. అదే సముద్రం. ఎగువ కొస కింద ఒక ఇటుక పడుకోబెట్టండి. సీసా మూతకి మేకుతో ఒక్క చిల్లు పొడిచి, ఆ సన్నటి ధారను ఒకే చోట పోయించండి. పదినిమిషాల్లో ధార ఇసుకని కోసుకుంటూ దిగి, సముద్రం అంచున విసనకర్రలా పరుస్తుంది, పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలినట్టే.

పొడి ఇసుక వాడితే నీరంతా ఇంకిపోతుంది. ధార లావైతే పాయలు రావు, ఒకటే గండి పడుతుంది. ఇటుక నిలబెట్టి వాలు పెంచినా అంతే. ఈ మూడు పొరపాట్లనీ పెద్దవాళ్ళు ముందే దిద్దెయ్యకండి. “ఇప్పుడెందుకు చీలలేదు?” అని అడిగి పిల్లల చేతే మార్పించండి.

తర్వాత అడ్డంగా గులకరాళ్ళ వరస పేర్చితే ఆనకట్ట. వెనక నీరు నిలుస్తుంది, ఇసుకా నిలుస్తుంది. పక్కన వేలితో గాడి తీస్తే కాలవ. ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందన్న పాఠం బడిలో ఎదురైనప్పుడు, పిల్లకి ఆ గులకరాళ్ళ వరస గుర్తుంటుంది. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే చోట ఆడగలిగే ఆట కూడా ఇదే. మూడేళ్ళవాడు ఇసుక చేతుల్లోకి తీసుకుంటే, ఎనిమిదేళ్ళది లాకులు కడుతుంది.

## మొలకలు

ఎక్కువమంది పిల్లలుండి, పెద్దవాళ్ళు ఒక్కరే అయితే ఇదే సరైనది. ఒక్కొక్కరికి ఒక గ్లాసు, తడి నూలుగుడ్డ, పది పెసలు. ఎనిమిది గంటలు నానబెట్టి, నీళ్ళు వంచేసి, తడిగుడ్డలో చుడితే మర్నాటికి మొలక తెల్లగా కనబడుతుంది. దాదాపు అన్ని గ్లాసులూ చెడిపోయేది ఒక్క కారణంతోనే: ప్రేమ కొద్దీ నీళ్ళు పోస్తారు, గింజ ఊపిరాడక కుళ్ళుతుంది. గుడ్డ తడిగా ఉండాలి, గ్లాసు అడుగున నీరు నిలవకూడదు. బూజు వాసన వస్తే పారేసి మళ్ళీ మొదలెట్టడమే.

వెలుతురు, చీకటి పోలిక చేయించండి. కానీ ఒక చిక్కు తెలుసుకుని చేయించండి. చీకట్లో పెట్టిన మొక్క పొడుగ్గా, పాలిపోయి పెరుగుతుంది. నాలుగో రోజున “చీకటే మంచిది, పొడుగొచ్చింది” అని క్లాసంతా చేతులెత్తుతుంది. తప్పని చెప్పకండి. ఇంకో వారం ఉంచండి, రంగు కూడా చార్టులో రాయించండి.

వడ్లతో ఒక ఆట ఉంది, అది పెసలతో కుదరదు. రైతులు 24 గంటలు నానబెట్టి మండె కట్టినప్పుడు, అంటే మొలకెత్తడానికి మూటగట్టినప్పుడు, తడిగోనెలో ముందు వేరు వస్తుంది. అదే వడ్లని పొడవాటి గాజు గ్లాసులో, కాచి చల్లార్చిన నీళ్ళ అడుగున మూతపెట్టి ఉంచితే వేరు వెనకబడి మొలక మొన ముందు పైకి లేస్తుంది. గాలి అందని చోట వరి చేసే పని ఇది. పక్కనే పెసలు కూడా అలాగే ముంచి పెడితే కుళ్ళుతాయి. ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. నీట మునిగిన నారుమడి చూసిన పిల్లలకి దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు. కొత్తగా కోసిన వడ్లలో కొన్ని రకాలు నిద్రావస్థలో ఉండి కొన్ని వారాలపాటు మొలకెత్తవు. రెండు మూడు నెలలు నిలవ ఉన్నవి తీసుకోవాలి. విత్తనశుద్ధి మందు పట్టించిన వడ్లు, అంటే గులాబీ రంగో ఇంకో రంగో అంటి ఉన్నవి, పిల్లల చేతికి అసలివ్వకూడదు.

## పసుపు, పూల రంగులు

చెంచా పసుపు నీళ్ళలో కలిపి తెల్లకాగితానికి పూసి ఆరబెట్టి, రెండు వేళ్ళ వెడల్పున ముక్కలు కత్తిరించుకోవాలి. బట్టల సబ్బు నీళ్ళు తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసం వేస్తే మళ్ళీ పసుపు. దిష్టి తీసే ఎర్రనీళ్ళు పిల్లలందరూ చూసినవే. పసుపు, సున్నం కలిస్తే జరిగేదీ ఇదే. అయినా సున్నం వద్దు, కంట్లో పడితే చూపుకే ముప్పు. సబ్బుతో సరిపెట్టండి. వంటసోడాతో రంగు వెలవెలబోతూ వస్తుంది, ప్రయోగం చెడిందనుకోకండి.

మజ్జిగ, బూడిద నీళ్ళు, ఉప్పు నీళ్ళు, కుంకుడు రసం కూడా పెడితే ఆట బలపడుతుంది. ముఖ్యంగా కుంకుడు రసం. సబ్బులాగే నురగొస్తుంది గాని కాగితాన్ని ఎర్రబరచదు. శంఖుపూలు వేడినీళ్ళలో వేస్తే వచ్చే నీలం రంగు నిమ్మరసానికి ఊదాగా మారుతుంది. పిల్లలు వస్తువుల్ని రెండు గుంపులుగా విడదీయగలరు, అంతవరకే. ఎందుకు మారిందన్నది ఈ వయసుకి అందదు. అందుకే దీనికి మధ్యస్తపు మార్కులు. వానకి బయటికి వెళ్ళలేని రోజుకి బాగుంటుంది.

## ముంజెకాయల బండి, కొబ్బరాకు

వేసవి సెలవుల్లో ముంజెలు తిన్నాక మిగిలే కాయలు రెండు, ఇరుసుకి అడుగు పొడవు గట్టి పుల్ల, తోయడానికి మూడు నాలుగడుగుల పంగల కర్ర. ఇంతే సరుకు. ఇరుసు రెండు కాయల మధ్యలోంచి పోవాలి. మధ్య తప్పితే బండి ఎగుడుదిగుడుగా ఊగుతుంది. ఒక కాయ పెద్దది, ఒకటి చిన్నది పెడితే బండి చిన్నదానివైపే తిరిగిపోతుంది. ఈ ఒక్కటి పిల్లలు తమంతట తాము కనిపెడితే మధ్యాహ్నమంతా గడుస్తుంది. సిమెంటు రోడ్డు మీద, ఇసుకలో, గడ్డిలో ఒకే తోపుకి ఎంత దూరం పోతుందో అడుగులతో కొలిపించండి. చిల్లు పొడవడం, కత్తి పట్టడం పెద్దవాళ్ళ పని.

కొబ్బరాకు బూర శబ్దానికి పనికొస్తుంది. పొడవుగా, వెడల్పుగా చుట్టిన బూరకి గొంతు బొంగురు, పొట్టిదానికి కీచు. ఈనెలు కళ్ళలో గుచ్చుకోకుండా చూసుకోవాలి. ఏడాదంతా దొరికేది ఇదే, ముంజెకాయ రెండు నెలల ముచ్చట.

## సీతాకోకచిలుక

నిమ్మ, కరివేపాకు చెట్ల లేతాకుల మీద పిట్టరెట్టలా కనబడే చిన్న పురుగుని ఆకుతో సహా తెచ్చి, దోమతెర కట్టిన సీసాలో పెట్టి, రోజూ అదే చెట్టు తాజా ఆకు వేస్తే, పెరిగి ఆకుపచ్చగా మారి, ప్యూపా కట్టి సీతాకోకచిలుకై వస్తుంది. ఆకుకి మందు కొట్టి ఉంటే చచ్చిపోతుంది. కడియం నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్క ఆకులు అందుకే వద్దు. ఒక్కోసారి ప్యూపాలోంచి కందిరీగలాంటిదో ఈగో వస్తుంది. పరాన్నజీవి ముందే గుడ్డు పెట్టిందన్నమాట. పిల్లలు ఏడుస్తారు, దాచకుండా చెప్పండి. చూడటం బాగా నేర్పే ఆట ఇది, మార్చి చూడటానికి ఇందులో చోటు తక్కువ.

## కొన్న కిట్లు

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. అది లేని పెట్టె కొనవద్దు. బటన్ సెల్ మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్ని మధ్యలో ఇరికించి పట్టుకుంటాయి. ఇంట్లో చిన్నవాళ్ళుంటే ఈ రెండూ ఉన్న కిట్టు లోపలికే రాకూడదు.

ఇక ఉపయోగం మాటకొస్తే, చాలా కిట్లు ఒక్కసారికే సరిపడా పొడి ఇస్తాయి. చేసేస్తే అయిపోయింది. ఆ డబ్బుతో మంచి భూతద్దం, పిల్ల నోట పట్టనంత పెద్ద అయస్కాంతం, డ్రాపర్లు, కొలత గ్లాసు విడిగా కొనుక్కుంటే పైన చెప్పిన ప్రతి ఆటలోనూ పనికొస్తాయి. ఏడేళ్ళు దాటిన పిల్లలకి మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచే బల్బు, స్విచ్చు కిట్టు ఒక్కటే కొనదగ్గది, ఎందుకంటే తీగలు మార్చి మార్చి కలపొచ్చు.

## ఎవరికి ఏది

ఇంట్లో మూడు నాలుగేళ్ళ పిల్ల ఒక్కతే ఉంటే నీళ్ళ బేసిన్, రోజుకి పదిహేను ఇరవై నిమిషాలు, వారానికి రెండు కొత్త వస్తువులు. మిగతావన్నీ తర్వాత.

అంగన్‌వాడీలో ఇరవై మంది, టీచరు, ఆయా మాత్రమే ఉంటే అందరికీ ఒకేసారి నీళ్ళిస్తే అదుపు తప్పుతుంది. ఐదుగురు టీచరు దగ్గర బేసిన్ చుట్టూ, ఐదుగురు ఆయా దగ్గర ఇసుక ట్రే చుట్టూ, మిగిలిన పదిమంది ఆకుల్ని చిన్నా పెద్దా వరస పేర్చే ఆటలో. పావుగంటకోసారి మార్పిడి.

ఒకటి రెండు తరగతుల టీచర్లకి మొలకలు, మట్టి సీసాలు. నలభై నిమిషాల పీరియడ్‌లో మొదలెట్టి, రోజూ ప్రార్థన అయ్యాక రెండు నిమిషాల్లో గీత గీయించవచ్చు. జూలై, ఆగస్టు నెలల్లో దీనికి వానకొలత జోడించండి. నిటారు గోడలున్న సీసా పైభాగం కోసి, బోర్లించి గరాటులా పెట్టాలి. అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి గోడలు నిటారయ్యేదాకా ముందే నీళ్ళు పోసి అక్కడ సున్నా గీత పెట్టాలి. కొత్తగా సెంటీమీటరు చేరితే పది మిల్లీమీటర్ల వాన. టీవీలో ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని చెప్పేటప్పుడు, ఎనిమిదేళ్ళ పిల్లలు ఆ అంకెల్ని గోడమీద అసలు ఎత్తుల్లో గీసుకోగలరు. 17.75 అడుగులకి గది గోడ చాలదు, బడి మేడకి బయటివైపు గీయాల్సొస్తుంది. నిచ్చెన పని పెద్దవాళ్ళది.

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి మొలకలు, పసుపు కాగితాలు. బాల్కనీలో నాలుగు కుండీలుంటే అందులో కరివేపాకు ఒకటి వేసి సీతాకోకచిలుక కోసం కాచుకోవచ్చు.

సముద్రానికి దగ్గరి శివారు ఊళ్ళవాళ్ళు ఉప్పు నీటినే ఆటగా మార్చుకోవచ్చు. నల్లరంగు ప్లాస్టిక్ పళ్ళేలు మూడు తీసుకుని, ఒకదానిలో బోరు నీళ్ళు, ఒకదానిలో కాలవ నీళ్ళు, ఒకదానిలో క్యాన్ నీళ్ళు రెండేసి చెంచాలు పోసి ఎండలో పెట్టండి. మధ్యాహ్నానికి ఆరిపోతాయి. ఏ పళ్ళెంలో తెల్లటి మరక ఎంత మిగిలిందో పిల్లలే వరస పెడతారు. ఈదురుగాలి ఉన్న రోజు చెయ్యకండి, దుమ్ము పడితే మరకకీ మట్టికీ తేడా తెలియదు. మర్నాడు వేరే వీధి బోరు నీళ్ళు తెచ్చి నాలుగో పళ్ళెం పెట్టండి.